తెల్ల రంగులో పదకొండు పేర్లు

“మమ్మల్ని పట్టిచ్చింది ఫ్యాక్టరీ వాళ్ళు కాదు. మీరు! ఈ ఇంట్లో, ఈ బల్ల దగ్గర కూర్చుని, చేతులారా పట్టిచ్చారు!”

పొడుగక్క గుమ్మంలో నిలబడే అరిచింది. ఏ గుమ్మం దాటాలన్నా తల వంచుకోవడం అలవాటైన మనిషి. ఇవాళ మరిచిపోయింది. నుదురు ద్వారబంధానికి ఠక్కున కొట్టుకుంది. చెయ్యి కూడా పెట్టుకోలేదు.

కింద సైకిళ్ళు బాగుచేసే షాపులో సుత్తి చప్పుడు ఆగింది. వింటున్నారు.

“అక్కా, అరవకు. లోపలికొచ్చి తలుపెయ్యి,” అంది వదిన.

“తలుపా? నా పేరు ఊరందరి ఫోన్లలో పెట్టేసి, ఇప్పుడు తలుపెయ్యమంటున్నావా?”

“నీ పేరు ఎక్కడా లేదక్కా. కావాలంటే పుస్తకమంతా వెతుక్కో.”

“నేను వెతుక్కునేదేంటే! అదే వచ్చి నా కళ్ళలో పడింది.”

ఫోను బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, కొట్టింది.

వదిన పక్కన కూర్చున్న టైపమ్మాయి మెడ చాచి చూసింది. నల్లటి పేజీ. తెల్లటి అక్షరాలు. పైన ‘నాలుగో మనిషి’ అన్న శీర్షిక. దాని కింద, ఖాళీగా ఉండవలసిన చోట, పొడుగక్క అసలు పేరు. ఇంటిపేరుతో సహా. పనిచేసే సెక్షన్‌తో సహా.

ఆ వరుస ఎవరు టైపు చేశారో ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.



పుస్తకం బయటికొచ్చి ఒక రోజు దాటింది, అంతే. సీసం కరిగించి బ్యాటరీలు చేసే ఫ్యాక్టరీలో పదకొండు మంది ఆడవాళ్ళు తమ ఒంటికి ఏమవుతోందో చెప్పారు. తలనొప్పులు. పట్టు తప్పిన వేళ్ళు. నిలవని కడుపులు. ఏటా రక్తం తీసుకుని ఎన్నడూ చేతికివ్వని రిపోర్టులు. అదే ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు చేసి, నోరెక్కువన్న నేరానికి బయటికి గెంటించుకున్న వదిన అవన్నీ నోటుబుక్కుల్లో రాసింది. అచ్చు వేస్తామని ముందుకొచ్చినవాడు ఒక్కడు లేడు. అందుకే ఈబుక్కు. రాయడం వదిన వంతు. దాన్ని ఫైలుగా మార్చి వెబ్‌సైటులో పెట్టడం ఆమె ఆడపడుచు టైపమ్మాయి వంతు.

పదకొండు మందీ పెట్టిన షరతు ఒక్కటే. పేర్లు రాకూడదు.

పేరు బయటపడితే ఏమవుతుందో ఆ వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పని పోతుంది. కంపెనీ ఇచ్చిన గది పోతుంది. ఆ పైన చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు.

“ఇది నేను రాయలేదు.” వదిన ఆరు నోటుబుక్కులూ బల్ల మీద కుప్ప పోసింది. “చూసుకో. ఏ పేజీలోనైనా నీ పేరుందేమో చూసుకో. ఇది ఆ వెబ్‌సైటు వాళ్ళ పనే. ఫ్యాక్టరీకి అమ్ముడుపోయుంటారు.”

“వాళ్ళకి నా పేరెలా తెలుస్తుందే పిచ్చిదానా? నేనేమైనా వెళ్ళి చెప్పొచ్చానా?”

వదిన ఒక నోటుబుక్కు తెరిచి గబగబా పేజీలు తిప్పింది.

పొడుగక్క ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “నా తలనొప్పి సంగతి మీకు తెలిసిందే. తెల్ల వెలుతురు చూస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుంది. అందుకని మా అమ్మాయి పేజీ నల్లగా చేసిచ్చింది. చదువుకుంటూ వచ్చా. నా కథ దగ్గరికొచ్చేసరికి ఇదీ సంగతి. ఇదిగో, తెల్లగా చేస్తున్నా చూడు.”

వేలితో నొక్కింది. పేజీ తెల్లబడింది. పేరు మాయం.

మళ్ళీ నొక్కింది. పేజీ నల్లబడింది. పేరు వచ్చింది.

“ఏం గారడీ ఇది?”

గారడీ కాదు. జెరాక్స్ షాపులో పని నేర్పిన యజమాని మొదటి వారంలోనే టైపమ్మాయికి చెప్పిన చిట్కా. ఫారాల్లో, బిల్లు పుస్తకాల్లో గుర్తు కోసం ఏదైనా రాసుకోవాలంటే తెల్ల రంగులో రాసుకో. ప్రింటరు తెలుపును అచ్చు వెయ్యదు. నీ ఫైల్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. తొమ్మిదేళ్ళుగా అలాగే చేస్తోంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తెలుపు ఆమెకు ద్రోహం చెయ్యలేదు.

వదిన అధ్యాయాల వరుస నాలుగుసార్లు మార్చింది. మూడో మనిషి ఏడో మనిషి అయింది. ఏడో మనిషి రెండో మనిషి అయింది. ఎవరి మాటలు ఎవరివో కలగాపులగం అయిపోతాయన్న భయంతో టైపమ్మాయి ప్రతి శీర్షిక కిందా అసలు పేరూ, సెక్షనూ తెల్లగా రాసి పెట్టుకుంది. చివర్లో తీసేద్దామనుకుంది. చివరికొచ్చేసరికి పాత ఫాంటును మార్చడంలో ఒత్తులన్నీ ఊడి కిందపడ్డాయి. పన్నెండు రోజులు కూర్చుని ఒక్కొక్క ఒత్తూ అతికించింది. విషయసూచికలో ఏది నొక్కితే ఆ పేజీ తెరుచుకుంటోందా అని నలభైసార్లు నొక్కి చూసింది. అన్నీ చూసింది. తెల్ల పేజీ మీద చూసింది.

పేజీ రంగు చదివేవాళ్ళ చేతిలో ఉంటుందని ఆమెకు తట్టలేదు. కాగితం రంగు మార్చుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు మరి.

“వైరస్ ఏదో వచ్చుంటుంది,” అంటోంది వదిన. “రేపే ఆ వెబ్‌సైటు మీద కేసు పెడతా. ఊరుకుంటానా?”

ఊరుకుంటే చాలు. వైరస్ అనేస్తే చాలు. పొడుగక్కకు కంప్యూటర్ల సంగతి తెలియదు, వదినకు అంతకన్నా తెలియదు. టైపమ్మాయి పెదవులు తడుపుకుంది. చేతులు బల్ల కిందికి దాచుకుంది.

“వెబ్‌సైటు వాళ్ళు కాదు వదినా.”

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

“నేనే. తెల్ల రంగులో రాసుకున్నా. గుర్తు కోసం. తియ్యడం మరిచిపోయా.”

కింద సుత్తి మళ్ళీ మొదలైంది. ఈసారి నెమ్మదిగా, ఎవరో వింటూ కొడుతున్నట్టు.

“నాదొక్కటేనా?” అంది పొడుగక్క.

“అందరివీ.”

పొడుగక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నా పొడుగ్గానే ఉండే మనిషి ఒక్కసారిగా కుదించుకుపోయింది.

“ఒత్తులు దిద్దా, ఒత్తులు దిద్దా అని ఇల్లంతా చాటింపు వేశావు కదే!” వదిన గొంతు లేచింది. “కకారం కింద ఒత్తు లేకపోతే కనిపెట్టావు. పదకొండు మంది మనుషులు కనబడలేదా?”

“వరుస నాలుగుసార్లు మార్చింది ఎవరు వదినా? రెండుసార్లకే ఆపుంటే నాకు ఆ గుర్తులే అక్కర్లేకపోను.”

“ఓహో, తప్పు నాదన్నమాట!”

“చాలు!” పొడుగక్క బల్ల మీద చరిచింది. “మీ ఇంటి పంచాయితీ తర్వాత పెట్టుకోండి. ముందు ఆ పుస్తకం అక్కణ్ణించి తియ్యి.”

టైపమ్మాయి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి తెరుచుకుంది. అట్ట బొమ్మ, దాని కింద ఇప్పటిదాకా ఎంతమంది దించుకున్నారో చెప్పే అంకె. ఎనభై ఆరు. నిన్న ఆ అంకె పెరుగుతుంటే వదినా, ఆడపడుచూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గెంతారు. ఇప్పుడు చూస్తే అవి ఎనభై ఆరు కళ్ళలా ఉన్నాయి.

‘అమ్మకం నిలిపివేయి’ అన్న మాట మీదికి బాణం గుర్తు పోనిచ్చింది. వదిన చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది.

“పూర్తిగా తియ్యొద్దు. పేర్లు తీసేసి కొత్త ఫైలు పెట్టు.”

“పెడితే వాళ్ళు చూసి ఒప్పుకోవడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఇదే ఉంటుంది.”

“ఉండనీ! తీసేస్తే భయపడ్డామని అర్థం. మూడేళ్ళు రాశానే నేను ఈ పుస్తకం. ఒక్క రోజుకి దించెయ్యడానికా?”

“నీ పుస్తకమా?” పొడుగక్క గొంతు తగ్గింది. తగ్గిన గొంతే ఎక్కువ భయపెట్టింది. “మేం పదకొండు మందిమి నోరు తెరవకపోతే నీ పుస్తకంలో అట్ట తప్ప ఇంకేముండేదే?”

వదిన చెయ్యి తియ్యలేదు. టైపమ్మాయే తన చెయ్యి లాక్కుంది. నొక్కింది. తెర ఒక క్షణం ఆలోచించి, అమ్మకం ఆగిందని చెప్పింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. చదవాలా వద్దా అనుకుని, చదివింది.

“ఇప్పటికే దించుకున్నవాళ్ళ దగ్గర మాత్రం అలాగే ఉంటుందట. మనం ఏమీ చెయ్యలేమట.”

“ఎవరెవరి దగ్గరుందో చూడు.”

“పేర్లు చూపించదక్కా. ఎంతమందో మాత్రమే చెబుతుంది.”

“చూశారా! కొన్నవాళ్ళ పేర్లు ఎంత భద్రంగా దాచారో,” అంది పొడుగక్క.

“అందరూ మనలాంటి వాళ్ళే అయ్యుంటారక్కా. ఫ్యాక్టరీ ఆఫీసు వాళ్ళకి ఈ పుస్తకం సంగతి ఎలా తెలుస్తుంది? ఏమంటావు వదినా?”

వదిన ఒక నోటుబుక్కు మూల మడతపడితే దాన్ని బొటనవేలితో సాపు చేస్తోంది. సాపు అయిపోయాక కూడా చేస్తోంది.

“వదినా?”

“ఒకటి నేనే పంపా.”

“ఎవరికి?”

“నవ్వులాయనకి.”

ఫ్యాక్టరీలో ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో చూసే అధికారి ఆయన. వదినను తీసేస్తున్నామన్న కాగితం కూడా నవ్వుతూనే చేతికిచ్చాడు. కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా చెప్పాడు.

“పుస్తకం వచ్చిన పది నిమిషాలకే పంపా,” అంది వదిన. ఇప్పుడు గొంతులో ఆ పదును లేదు. “‘చదువుకోండి, మీ గురించే’ అని రాసి పంపా. వాడి మొహంలో ఆ నవ్వు మాయమవ్వాలని. మూడేళ్ళుగా అదొక్కటే అనుకున్నా.”

“నీ పేరుతోనే పంపావా?”

వదిన తల అడ్డంగా ఊపింది. “కొత్త మెయిలు తెరిచి. పేరు లేకుండా.”

పుస్తకం అట్ట మీదా ఆమె పేరు లేదు. ‘ఒక కార్మికురాలు’ అని ఉంది. ఆమె భర్త, టైపమ్మాయికి అన్న, ఇంకా ఆ ఫ్యాక్టరీ గోడౌన్‌లోనే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. ఆ ఇంటికి నమ్మకంగా వచ్చే జీతం అదొక్కటే.

పొడుగక్క నవ్వింది. ఆ నవ్వు వినడంకన్నా ఆమె అరుపులే నయం.

“భలే దానివే తల్లీ. మా పదకొండు పేర్లూ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టావు. నీ పేరు ఒక్కటి మాత్రం బీరువాలో పెట్టుకున్నావు.”

“మా ఆయన అక్కడే ఉన్నాడు కదక్కా...”

“మేమెక్కడున్నాం? ఆకాశంలోనా?”

మెట్ల మీద అడుగులు వినిపించాయి.

బరువైన బూట్లు. రెండేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కుతున్నాయి. టైపమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసింది. వదిన నోటుబుక్కులను ఒళ్ళోకి లాక్కుంది. మూడేళ్ళుగా ఎవరికీ భయపడనన్న మనిషి, బడిపిల్లలా వాటిని కొంగు కింద దాచింది.

తలుపు తోసుకుని అన్న లోపలికొచ్చాడు. తల మీద హెల్మెట్ ఇంకా తియ్యలేదు. రెండు గంటలదాకా రావలసినవాడు కాదు. పన్నెండూ ఇరవై అయింది.

“నీళ్ళు,” అన్నాడు. తాగాడు. పొడుగక్కను చూసి మొహం విప్పారింది. “నువ్వూ ఇక్కడే ఉన్నావా! మంచిదైంది. నీ పేరు కూడా ఉంది. ఒంట్లో బాలేదని అబద్ధమాడి వచ్చేశా, మీ అందరికీ చెబుదామని.”

“ఎక్కడుంది నా పేరు?”

“నోటీసు బోర్డు మీద. ప్రత్యేక వైద్య పరీక్షట. రెండు గంటలకి ఆఫీసులో హాజరవ్వాలట.” భార్యవైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. “నీ పుస్తకం పనిచేసిందే! ఒక్క రోజులో దిగొచ్చారు. మొదటి విడతలో పది మందికి. ఇదిగో, కాగితం దొరక్క చేతి మీద రాసుకొచ్చా.”

చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచేతిదాకా నీలి సిరాలో పది పేర్లు.

ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారు. ఆయన ముఖంలో సంతోషం ఎక్కడ దిగాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

“ఏంటి? ఎవరైనా పోయారా?”

టైపమ్మాయి అన్న చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురులోకి తిప్పింది. మొదటి పేరు. రెండో పేరు. మూడు. ఫ్యాక్టరీలో ఏ జాబితా అయినా సెక్షన్ల వారీగా పెడతారు. ఇది అలా లేదు. పాతవాళ్ళు ముందు, కొత్తవాళ్ళు వెనక అన్నట్టూ లేదు. నాలుగో పేరు పొడుగక్కది.

ఆ వరుస ఆమెకు కంఠతా వచ్చు. నలభైసార్లు నొక్కి చూసిన వరుస.

“అన్నా, బోర్డు మీద ఇలాగే ఉందా? ఇదే వరుసలోనా?”

“ఉన్నదున్నట్టు దింపా. ఎందుకూ?”

“ఇది మన విషయసూచిక,” అంది టైపమ్మాయి.

ఆయనకు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తెలుపు, నలుపు, నవ్వులాయన. చెబుతుంటే ఆయన మెల్లగా హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. చేతి మీది పేర్లను చొక్కాతో కప్పేసుకున్నాడు, ఇంట్లో కూడా ఎవరో చూస్తారన్నట్టు.

“కానీ పదే ఉన్నాయి,” అంది వదిన, పాలిపోయిన మొహంతో. “పదకొండు ఉండాలి. ఎవరు లేరు?”

టైపమ్మాయి అప్పటికే చూసేసింది. అయిదో పేరు కింద ఏడో పేరుంది. ఆరో మనిషి లేదు.

“తూకాల పిల్ల.”

సీసం ప్లేట్లు తూచే అమ్మాయి. అందరిలోకీ చిన్నది. పదకొండు మందిలోనూ చెప్పకూడనిది చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. నాలుగో నెల. కడుపుతో ఉన్నారని తెలిస్తే ఆ పూటే గేటు బయటికి పంపేస్తారు కాబట్టి బిగుతుగా గుడ్డ చుట్టుకుని పనికి వెళ్తోంది. ఆ సంగతి భర్తకూ వదినకూ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. పుస్తకంలో ఆరో అధ్యాయం మొదటి వాక్యం అదే.

“ఆ అమ్మాయి ఒక్కతిదే పొద్దుటి షిఫ్టు, మిగతావాళ్ళందరిదీ రెండు గంటలది,” అన్నాడు అన్న. “పదిన్నరకి ఆఫీసు గదికి పిలిపించారు. నేను ప్లేట్ల కట్టలు దింపడానికి మూడుసార్లు అటు వెళ్ళా. తూకం దగ్గర వేరే మనిషి నిలబడి ఉంది.”

“పన్నెండున్నర అవుతోంది!” వదిన రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. “రెండు గంటలుగా లోపల ఏం చేస్తున్నారు ఆ పిల్లని? ఏం అడుగుతారు?”

ఏం అడుగుతారో టైపమ్మాయికి తెలుసు. ఇంకొక్క పేరు. అన్నీ దొరికాయి, రాసినవాళ్ళది ఒక్కటే దొరకలేదు. నవ్వులాయనకు కావలసింది అదే.

పొడుగక్క లేచింది. మళ్ళీ పూర్తి పొడుగు.

“ఏడ్చేది తర్వాత ఏడవండి. టైపమ్మాయ్, నువ్వు లే. తొమ్మిది ఇళ్ళూ తిరుగు. వాళ్ళ పేర్లు ఎలా బయటపడ్డాయో నీ నోటితో నువ్వే చెప్పు. తిడతారు, పడు. కొడితే పడు. చెప్పి, ఒకటిన్నరకల్లా అందర్నీ గేటు దగ్గరికి తీసుకురా. ఒక్క మనిషి కూడా ఒంటరిగా లోపలికి అడుగు పెట్టకూడదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. ఆ పిల్ల బయటికొచ్చేదాకా మనలో ఎవరూ లోపలికి వెళ్ళం.”

టైపమ్మాయి లేచింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

అప్పుడు వదిన ఒళ్ళో, నోటుబుక్కుల మధ్య, ఫోను మోగింది.

తెర మీద ‘తూకాలు’ అని ఉంది.

“అమ్మయ్య!” వదిన ఫోను అందుకుంది. “వదిలేసినట్టున్నారు.”

“ఆగు.” అన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “షిఫ్టులో ఫోన్లు గేటు దగ్గర పెట్టెల్లో ఉంటాయి. రెండింటిదాకా మాకెవ్వరికీ ఇవ్వరు. తియ్యగలిగేది ఆఫీసు వాళ్ళే.”

ఫోను మోగుతోంది. వదిన అరచేతిలో అది బతికున్న పురుగులా కదులుతోంది.

“ఎత్తకు,” అన్నాడు అన్న. “రాసింది ఎవరో తెలుసుకోవడానికే ఆ నవ్వులాయన చేస్తున్నాడు. ఆ పిల్ల ఫోన్లో ఉన్న నంబర్లన్నీ వరసగా నొక్కుతున్నాడు. ఎత్తితే దొరికిపోతాం. నా ఉద్యోగం కూడా పోతే ఈ ఇల్లు...” మాట మింగేశాడు. మోచేతి దగ్గర చొక్కా మీదికి నీలి సిరా ఊరుతోంది. చెమట.

వదిన ఆయన వైపు చూసింది. తర్వాత ఆడపడుచు వైపు. తిట్టడానికి కాదు. ఏం చెయ్యమంటావని అడగడానికి. ఇన్నేళ్ళలో ఆమె ఎవరినీ ఆ మాట అడగడం టైపమ్మాయి చూడలేదు. గుమ్మంలో చెప్పులతో నిలబడి, ఆ కళ్ళనుంచి కళ్ళు తిప్పుకోలేక అలాగే ఉండిపోయింది.

అయిదోసారి మోగింది. ఆరోసారి.

పొడుగక్క వచ్చి వదిన ఎదురుగా వంగింది. చాలా దగ్గరగా.

“ఎత్తు. ఎవరు, ఏంటి అని అడగొద్దు. ఆ పిల్ల ఏదని కూడా తర్వాతే అడుగు. ముందు నీ పేరు చెప్పు. ఇంటిపేరుతో సహా చెప్పు.”